కతలు దాచే మూడు పెట్టెలు

సూళగిరి పల్లెల్లో అవ్వలు చెప్పే కతలు మనం సెల్లులో రికార్డు చేసుకుంటాము. సెల్లు పోతే అన్నీ పోతాయి. అందుకే ఒకే కతను మూడు కంప్యూటర్లలో దాచేది మేలు. ఏల మూడు? రెండు కాపీల్లో తేడా వస్తే ఏది నిజమో తెలీదు, మూడోది సాక్షి.

పాత డెస్క్‌టాప్ చౌకగా దొరుకుతుంది గానీ కరెంటు తాగుతుంది. నేను లెక్క వేసి చూసినాను. 60 వాట్లవి మూడు రాత్రింబగళ్ళు నడిస్తే రెండు నెలలకు 259 యూనిట్లు. రాస్ప్‌బెర్రీ పై 4, చిన్న డిస్కు కలిపి 10 వాట్లనుకుంటే మూడింటికీ 43 యూనిట్లే. 2016లో మన తమిళనాట ఇండ్లకు ఉచితం చేసిన 100 యూనిట్లలో సగం కూడా కాదు.

పై 3 వద్దు. దాంట్లో నెట్‌వర్కు, డిస్కు రెండూ ఒకే యూఎస్‌బీ దారిలో పోవాల. ఇరుకు సందులో రెండు ఎద్దులబండ్లు ఎదురుపడినట్లే. పై 4లో దారులు వేరు. సాఫ్ట్‌వేర్లలో సెఫ్ మామూలుగా డిస్కుకు 4 జీబీ మెమరీ అడుగుతుంది. గ్లస్టర్ అంతకన్నా తక్కువతో సర్దుకుంటుంది.

మూడూ ఒకే ఇంట్లో ఉంటే ఒక్క పిడుగు చాలు, అన్నీ పోయేకి. ఇంకో కాపీ వేరే ఊళ్ళో ఉండనీండి. పెట్టెలు రేపైనా కొనొచ్చు. అవ్వ గొంతు మాత్రం ఈ సెలవుల్లోనే రికార్డు చేయండి.