ఉద్దానం తోటల వీడియోలకు తక్కువ ఖర్చులో కూర్పు: సాఫ్ట్‌వేర్ ఎంపికలో పాటించవలసిన అంశాలు

పలాస, టెక్కలి ప్రాంతాల నుంచి ఇచ్ఛాపురం వరకు సాగే ఉద్దానం తీరంలో కొబ్బరి, జీడిమామిడి, పనస తోటలే అధిక కుటుంబాలకు జీవనాధారం. తోటలో కనిపించిన తెగులునూ, గాలివాన మిగిల్చిన నష్టాన్నీ రైతులు ఇప్పుడు సెల్‌ఫోనులో చిత్రిస్తున్నారు. అయితే చేయి వణికిన దృశ్యాలు, సముద్రపు గాలి హోరు, అవసరానికి మించిన నిడివి కారణంగా ఈ వీడియోలలో చాలా భాగం తోటి రైతులకు ఉపయోగపడకుండా మిగిలిపోతుంది. ఈ లోపాలను సరిదిద్దడానికి ఖరీదైన సాఫ్ట్‌వేర్ అవసరం లేదు. చేతిలో ఉన్న పరికరానికి తగినదీ, తెలుగును సక్రమంగా చూపేదీ, వీడియోలోని శాస్త్రీయ సమాచారాన్ని చెడగొట్టనిదీ ఎంచుకుంటే చాలు.

రైతులు రైతులకే చూపే వీడియోల విలువ కొత్తగా నిరూపించవలసినది కాదు. 2006లో బెంగళూరులోని మైక్రోసాఫ్ట్ రీసెర్చ్ ఇండియాలో పరిశోధనగా ఆరంభమైన డిజిటల్ గ్రీన్ కార్యక్రమం ఈ పద్ధతిపైనే నిలిచింది. స్థానిక రైతు తన పొలంలో, తన మాటలో చెప్పిన విషయాన్ని చిన్న ప్రొజెక్టరుతో గ్రామంలో ప్రదర్శించి చర్చించడం ఆ కార్యక్రమ విధానం. అందులో దృశ్యాల హంగు కంటే మాట స్పష్టతకే ప్రాధాన్యం.

అసలు ఫైలును కాపాడుకోవాలి

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస సమీపంలో తీరం దాటి, ఏళ్ల తరబడి పెంచిన కొబ్బరి, జీడిమామిడి తోటలను నేలకూల్చింది. అటువంటి విపత్తులో రైతు తీసిన వీడియో నష్టానికి ఆధారం కూడా. అసలు ఫైలులో చిత్రీకరించిన తేదీ, సమయం నమోదై ఉంటాయి. ఫోనులో ఆ సౌకర్యం ప్రారంభించి ఉంటే స్థలం కూడా నమోదవుతుంది. కూర్పు చేసిన ప్రతిలో గాని, వాట్సాప్‌లో వీడియోగా పంపిన ప్రతిలో గాని ఈ వివరాలు సాధారణంగా మిగలవు. పైగా వాట్సాప్ వీడియోను కుదించడం వల్ల ఆకు అడుగున ఉన్న పురుగు ఆనవాలు పట్టలేనంతగా దృశ్యం మసకబారుతుంది. కాబట్టి కేబులు ద్వారా గాని, వాట్సాప్‌లో డాక్యుమెంటు రూపంలో గాని ఫైలును మార్చుకోవాలి. అసలు ఫైలును విడిగా భద్రపరచి, దాని నకలుపైనే కూర్పు చేయాలి.

ఉన్న కంప్యూటరే కొలబద్ద

సాఫ్ట్‌వేర్ ధర సున్నా అయినా, దాని కోసం కొత్త కంప్యూటరు కొనవలసి వస్తే అది చౌక కాదు. ఉచితంగా లభించే షాట్‌కట్‌కు సాధారణ స్పష్టత గల వీడియోకు 4 జీబీ, హెచ్‌డీకి 8 జీబీ, 4కెకు 16 జీబీ ర్యామ్ ఉండాలని దాని రూపకర్తలే సూచిస్తున్నారు. సినిమా రంగంలో వాడే డావిన్సీ రిజాల్వ్‌కు కూడా శక్తిమంతమైన ఉచిత రూపం ఉన్నది. కాని దానికి కనీసం 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు కావాలి. గ్రామస్థాయి కార్యాలయాలలోని సాధారణ కంప్యూటర్లపై అది సాఫీగా నడవదు.

చిత్రీకరణలోనే ఈ భారాన్ని తగ్గించవచ్చు. 1080పి స్పష్టతతో, సెకనుకు 30 చిత్రాల వేగంతో తీసిన వీడియో హెచ్.264 పద్ధతిలో నిమిషానికి సుమారు 130 మెగాబైట్లు అవుతుంది. 4కెలో తీస్తే ఇది అనేక రెట్లు పెరుగుతుంది. గ్రామ ప్రదర్శనకూ, యూట్యూబ్‌కూ 1080పి సరిపోతుంది. కొత్త ఫోన్లలో ఉండే హెచ్.265 పద్ధతి ఫైలు పరిమాణాన్ని తగ్గించినా, పాత కంప్యూటర్లు దానిని తెరవడానికి ఇబ్బందిపడతాయి. అందుచేత ఫోను సెట్టింగులలో హెచ్.264ను ఎంచుకోవడం మేలు.

అందుబాటులో ఉన్నవి

కంప్యూటరుపై షాట్‌కట్, ఓపెన్‌షాట్, కేడెన్‌లైవ్ పూర్తిగా ఉచితమైనవి. ఇవి వీడియోపై తమ గుర్తు వేయవు, చందా అడగవు. విండోస్ 11తో వచ్చే క్లిప్‌చాంప్ ఉచితంగానే 1080పి వీడియోను గుర్తు లేకుండా ఇస్తుంది. ఫోనుపైనే పని ముగించదలచినవారికి యూట్యూబ్ క్రియేట్ అనుకూలం. 2023 సెప్టెంబరులో ఈ యాప్ తొలి విడతగా విడుదలైన దేశాలలో భారతదేశం ఒకటి. కైన్‌మాస్టర్, ఇన్‌షాట్ వంటివి వాడుకకు సులువైనా, ఉచిత రూపంలో వీడియోపై తమ గుర్తును ముద్రిస్తాయి.

ఏ యాప్ అయినా ఎల్లకాలం ఉంటుందని భావించరాదు. 2020 జూన్‌లో కేంద్ర ప్రభుత్వం నిషేధించిన 59 యాప్‌లలో వివావీడియో అనే కూర్పు యాప్ కూడా ఉన్నది. పూర్తయిన వీడియోను ఎప్పటికప్పుడు ఎం.పి.4 ఫైలుగా వెలికితీసి దాచుకుంటే, యాప్ పోయినా పని పోదు. దొంగ మార్గంలో ఉచితంగా దొరికే ఖరీదైన సాఫ్ట్‌వేర్ల జోలికి పోరాదు. అవి చట్టవిరుద్ధమే కాక, వాటి వెంట వైరస్‌లు కూడా వస్తాయి.

ఒక నిమిషం వీడియోతో అయిదు పరీక్షలు

ఎంపికకు ముందు తోటలో తీసిన ఒక నిమిషం వీడియోతో ఈ కింది అంశాలను పరీక్షించాలి.

1. తెలుగు అక్షరాలు: శీర్షికలో "శ్రీకాకుళం", "వజ్రపుకొత్తూరు", "ఇచ్ఛాపురం" అని టైపు చేయాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లలో వత్తులు విడిపోయి, గుణింతాలు చెదరుతాయి. వెలికితీసిన వీడియోలో కూడా అక్షరాలు సరిగా ఉన్నాయో లేదో చూడాలి.

2. మాటకు పెదవికి పొంతన: వెలుతురు తక్కువైన జీడితోట నీడలో ఫోను సెకనుకు తీసే చిత్రాల సంఖ్యను తానే మారుస్తుంది. అటువంటి వీడియోను కొన్ని సాఫ్ట్‌వేర్లు సరిగా నడపలేవు. మాట ముందో వెనుకో పడుతుంది. షాట్‌కట్ దీనిని గుర్తించి, కూర్పుకు అనువైన రూపంలోకి మార్చుకొమ్మని అడుగుతుంది.

3. గాలి హోరు: తక్కువ స్థాయి శబ్దాన్ని తగ్గించే సదుపాయం, కొత్తగా వ్యాఖ్యానాన్ని చేర్చే వీలు ఉండాలి.

4. వెలికితీసే సమయం: ఒక నిమిషం వీడియోకు పట్టిన సమయాన్ని బట్టి పది నిమిషాల వీడియోకు పట్టే సమయాన్ని అంచనా వేయవచ్చు. మధ్యలో కంప్యూటరు నిలిచిపోతే ఆ సాఫ్ట్‌వేర్ తగదు.

5. గుర్తు, ఇంటర్‌నెట్ అవసరం: వెలికితీసిన వీడియోపై ఏ గుర్తూ ఉండరాదు. ఇంటర్‌నెట్ లేనప్పుడు పని సాగుతుందో లేదో కూడా చూడాలి.

కత్తిరించరానిది

కూర్పులో అసలు ప్రమాదం సాంకేతికమైనది కాదు. కొబ్బరిని ఆశించే సర్పిలాకార తెల్లదోమనే ఉదాహరణగా తీసుకోవచ్చు. 2016లో దేశంలో తొలిసారి తమిళనాడులో గుర్తించిన ఈ పురుగు ఆకుల అడుగున తెల్లని వలయాలుగా గుడ్లు పెడుతుంది. అది విసర్జించే తేనెవంటి జిగురుపై నల్లని మసి తెగులు పెరుగుతుంది. ఎన్‌కార్సియా అనే పరాన్నజీవి దీనిని సహజంగా అదుపు చేస్తుంది కనుక రసాయన పురుగుమందులు చల్లరాదని శాస్త్రవేత్తల సూచన. నిడివి తగ్గించే క్రమంలో నల్లబడిన ఆకులనూ, పిచికారీ దృశ్యాన్నీ ఉంచి, ఈ హెచ్చరికను తొలగిస్తే, చూసిన రైతు మందు చల్లి తనకు మేలు చేసే జీవినే చంపుకుంటాడు. వీడియో ఎంత అందంగా ఉంటే నష్టం అంత దూరం పాకుతుంది.

కాబట్టి పంట దశ, పురుగు లేదా తెగులు గుర్తింపు, చేయవలసినది, చేయరానిది అనే నాలుగు భాగాలను ఎంత చిన్న వీడియోలోనైనా ఉంచాలి. మోతాదును మాటలో చెప్పడంతో సరిపెట్టక, లీటరు నీటికి ఎంత అన్నది తెరపై తెలుగు అక్షరాలలో కనీసం అయిదు సెకన్లు నిలపాలి. మిల్లీలీటరు, గ్రాము తారుమారు కాకుండా, ప్రచురణకు ముందు గ్రామ ఉద్యాన సహాయకునికో, ఆమదాలవలస కృషి విజ్ఞాన కేంద్రం శాస్త్రవేత్తలకో ఒకసారి చూపించాలి.

ఫోను మాత్రమే ఉన్న రైతుకు యూట్యూబ్ క్రియేట్, 8 జీబీ ర్యామ్ కంప్యూటరు ఉన్న రైతు ఉత్పత్తిదారుల సంఘానికి షాట్‌కట్ తొలి ఎంపికలుగా పరీక్షించదగినవి. సాఫ్ట్‌వేర్‌పై మిగిలిన డబ్బులో కొన్ని వందల రూపాయలతో గాలితొడుగు గల కాలరు మైకు కొనుక్కోవడం ఉత్తమం. దృశ్యం కొంత మసకగా ఉన్నా రైతు సర్దుకుంటాడు. మాట వినబడని వీడియోను మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా బాగుచేయలేదు.