తెరపై తగవు: వాదనకు రక్షణ, బెదిరింపుకు శిక్ష

న్యూఢిల్లీ: క్యాచ్ జారవిడిచిన క్రికెటర్‌పైనా, ఆశించినట్లు లేని సినిమాపైనా, చెడిపోయిన వస్తువును మార్చి ఇవ్వని వ్యాపారిపైనా ఆగ్రహం వెళ్ళగక్కడానికి ఒకప్పుడు రచ్చబండ, టీ దుకాణం వేదికలుగా ఉండేవి. ఆ మాట అక్కడితో సమసిపోయేది. ఇంటర్నెట్ వ్యాపించిన తర్వాత అదే మాట క్షణాలలో లక్షలాది మంది కంటబడుతోంది. ఈ తగవులలో ఏది వాదన, ఏది నేరం, ఏది న్యాయమైన ఫిర్యాదు అన్న ప్రశ్న న్యాయస్థానాల దాకా వెళ్ళింది.

సమాచార సాంకేతిక చట్టంలోని 66-ఎ సెక్షన్ ప్రకారం ఇంటర్నెట్‌లో అభ్యంతరకరమైన సందేశం పంపిన వారికి మూడేళ్ళ వరకు జైలుశిక్ష విధించే వీలుండేది. 2012 నవంబర్‌లో బాల్ థాకరే మరణానంతరం పాటించిన బంద్‌ను ప్రశ్నిస్తూ వ్యాఖ్య రాసిన యువతిని, దానిని మెచ్చిన ఆమె స్నేహితురాలిని మహారాష్ట్రలోని పాల్ఘర్‌లో పోలీసులు అరెస్టు చేయడంతో ఈ సెక్షన్‌పై దేశవ్యాప్తంగా నిరసన వ్యక్తమైంది. శ్రేయా సింఘాల్ కేసుగా ప్రసిద్ధి పొందిన వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2015 మార్చి 24న ఈ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమని కొట్టివేసింది. కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్, జస్టిస్ ఆర్.ఎఫ్. నారీమన్ ఆ ధర్మాసనంలో సభ్యులు.

చర్చ, సమర్థన, రెచ్చగొట్టడం అనే మూడింటి మధ్య గల తేడాను న్యాయస్థానం స్పష్టం చేసింది. మొదటి రెండూ ఎంత కటువుగా ఉన్నా వాటికి రాజ్యాంగ రక్షణ ఉంటుందని, మాట మూడో దశకు చేరినప్పుడే ఆంక్షలు వర్తిస్తాయని పేర్కొంది.

క్రీడాకారులపై దాడి

ఈ గీత ఎక్కడ దాటుతున్నదో క్రికెట్ అభిమానుల తగవులు చూపుతున్నాయి. 2021 అక్టోబర్ 24న దుబాయ్‌లో జరిగిన ప్రపంచ కప్ టీ-20 మ్యాచ్‌లో పాకిస్థాన్ చేతిలో భారత్ 10 వికెట్ల తేడాతో ఓడిపోగా, ఫాస్ట్ బౌలర్ మహమ్మద్ షమీని మతం పేరిట దూషించారు. షమీకి కెప్టెన్ విరాట్ కోహ్లీ బహిరంగంగా అండగా నిలిచారు. ఆ తర్వాత ఏడాదైనా నిండని కోహ్లీ కుమార్తెను ఉద్దేశించి అత్యాచార బెదిరింపు వెలువడింది. ఈ కేసులో హైదరాబాదు ప్రాంతానికి చెందిన యువ సాఫ్ట్‌వేర్ ఇంజనీరును 2021 నవంబర్‌లో ముంబయి పోలీసులు అరెస్టు చేశారు. ఫిర్యాదుదారు అంగీకారంతో బొంబాయి హైకోర్టు 2024లో కేసును కొట్టివేసింది. అప్పటికి ఆ యువకుడు అరెస్టును, రెండేళ్ళకు పైగా కేసును ఎదుర్కొనవలసి వచ్చింది.

2022 సెప్టెంబర్ 4న ఆసియా కప్‌లో పాకిస్థాన్‌పై క్యాచ్ వదిలిన అర్షదీప్ సింగ్‌కూ ఇటువంటి దూషణలే ఎదురయ్యాయి. 2024 జులై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 351వ సెక్షన్ ప్రకారం, పేరు, నివాసం దాచి బెదిరించిన వారికి మామూలు శిక్షకు అదనంగా రెండేళ్ళ వరకు జైలుశిక్ష విధించవచ్చు. మారుపేరు రక్షిస్తుందనుకునే వారు ఈ అంశాన్ని గమనించవలసి ఉంది.

సమీక్షలపై వివాదం

సినిమా రంగంలో సమస్య మరో రూపం దాల్చింది. విడుదలైన మొదటి మూడు రోజులలో ఇంటర్నెట్‌లో సమీక్షలు రాకుండా నిషేధించాలని తమిళ నిర్మాతలు 2024లో మద్రాసు హైకోర్టును ఆశ్రయించారు. మధ్యంతర నిషేధం విధించడానికి న్యాయస్థానం నిరాకరించింది. టికెట్టు కొన్న ప్రేక్షకుడు సినిమా బాగాలేదని చెప్పడం అభిప్రాయమే. అయితే డబ్బు పుచ్చుకుని రాసే బూటకపు సమీక్షల బెడద వస్తువుల కొనుగోలుదారులకూ ఉంది. దీనిని అరికట్టే ఉద్దేశంతో భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 ప్రమాణాన్ని వెలువరించింది. దీనిని పాటించడం వ్యాపార సంస్థల ఇష్టానికే వదిలివేయబడింది.

ఫిర్యాదుకు వేరే దారి

నష్టపోయిన వినియోగదారుడి పరిస్థితి వీటన్నిటికీ భిన్నం. అతనికి కావలసింది వాదనలో గెలుపు కాదు, పోయిన సొమ్ము. ఎంత ఘాటుగా రాసినా, సామాజిక మాధ్యమాలలోని వ్యాఖ్య చట్టప్రకారం ఫిర్యాదు కాజాలదు. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వ్యాపార సంస్థ ఫిర్యాదుల అధికారి ఫిర్యాదు అందినట్లు 48 గంటలలో తెలియజేసి, నెల రోజులలో పరిష్కరించాలి. 1915 నంబరుకు ఫోన్ చేస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ తెలుగులోనూ సహాయం అందిస్తుంది.

అప్పటికీ ఫలితం లేకపోతే 2019 నాటి వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించవచ్చు. చెల్లించిన ధర 5 లక్షల రూపాయల లోపు ఉంటే రుసుం లేదు. న్యాయవాది అవసరమూ తప్పనిసరి కాదు. వ్యాపారి ఎక్కడ ఉన్నా, వినియోగదారుడు తాను నివసించే జిల్లాలోనే దావా వేయవచ్చు. సాధారణంగా రెండేళ్ళ గడువు ఉంటుంది. ఆ గడువును తెరపై తగవులతో గడిపివేస్తే నష్టపోయేది వినియోగదారుడే. వ్యాఖ్య రాసే ముందు బిల్లును, సంస్థతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాలను భద్రపరచుకోవడం మేలు.