ఎవరి పాపం ఈ బిడ్డ?

“డాక్టరు గారూ, నేను చేసిన ఏ పాపానికి నా బిడ్డ ఇలా పుట్టాడండీ?”

ఓ.పి.లో ఈ ప్రశ్న ఎవరో ఒక తల్లి నన్ను అడుగుతూనే ఉంటుంది. తండ్రులు అడగరు. వాళ్లు గుమ్మం దగ్గర నిలబడి గోడవైపు చూస్తూ ఉంటారు. మొన్న అడిగినావిడ క్రైస్తవురాలు. కొడుక్కి మూడేళ్లు నిండినా మాట లేదు, నడక లేదు. కడుపుతో ఉన్నప్పుడు మూడు నెలలు అత్తగారితో మాట్లాడలేదట. అందుకే దేవుడు శిక్షించాడని ఆమె నమ్మకం. అంతకుముందు వచ్చిన ఇంకొకావిడది గ్రహణం నాడు కూర తరిగానన్న భయం. మతాలు వేరైనా దిగులు ఒక్కటే.

పుట్టుగుడ్డి మనిషిని చూసి, పాపం చేసింది వీడా, వీడి తల్లిదండ్రులా అని శిష్యులు అడిగితే, ఎవరూ కాదని యేసు చెప్పినట్టు యోహాను సువార్త 9వ అధ్యాయంలో ఉంది. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. తెలిసినంత మాత్రాన దిగులు పోతుందా? అందుకని ఒక రచయిత్రి కథ చెప్పాను. మీకూ చెబుతాను.

పెర్ల్ బక్ పేరు మీలో చాలామంది వినే ఉంటారు. క్రైస్తవ మిషనరీల కూతురు, చైనాలో పెరిగింది. 1931లో ‘ది గుడ్ ఎర్త్’ నవల రాసింది, 1938లో నోబెల్ బహుమతి అందుకుంది. ఆ నవలలో వాంగ్ లుంగ్ అనే రైతుకు బుద్ధి ఎదగని కూతురు ఒకతె ఉంటుంది. ఆ పిల్లకు నవలలో పేరే లేదు. ఎండలో కూర్చుని గుడ్డపేలిక మెలిపెడుతూ నవ్వుతూ ఉంటుంది. పిల్లకు మాట రాలేదని తండ్రి బాధపడతాడు.

ఆ పిల్ల ఊహలోంచి పుట్టింది కాదు. పెర్ల్ బక్ కూతురు కేరొల్ 1920లో పుట్టింది. చూడముచ్చటైన బిడ్డ. కాని ఒంటిమీద ఎగ్జిమా వచ్చింది, వయసుకు తగ్గట్టు మాటలు రాలేదు. తల్లి పిల్లను ఎత్తుకుని డాక్టర్ల చుట్టూ తిరిగింది. అమెరికాలో ఒక డాక్టరు ఆశ వదులుకోవద్దన్నాడు. ఆ గది దాటి రాగానే మరో డాక్టరు ఆమెను ఆపి, ఈ పిల్ల ఎన్నటికీ మామూలు మనిషి కాదు, ఎవరేం చెప్పినా నమ్మకమ్మా అని ముఖాన చెప్పేశాడు. గుండె పగిలినా, తరవాతి కాలంలో ఆమె కృతజ్ఞత చెప్పుకున్నది ఆ రెండో డాక్టరుకే. 1929లో కూతుర్ని న్యూజెర్సీలోని వైన్‌లాండ్ పాఠశాలలో చేర్చింది. ఆ ఖర్చు కోసం కూడా కలం పట్టింది. లోకానికి మాత్రం 1950 దాకా దాచింది. ఆ ఏడు ‘ది చైల్డ్ హూ నెవర్ గ్రూ’ అని చిన్న పుస్తకం రాసి, ఉన్నదంతా చెప్పుకుంది.

అప్పటికీ జబ్బు పేరు ఆమెకు తెలియదు. అది ఫీనైల్‌కీటోన్యూరియా. నార్వేలో ఫోలింగ్ అనే డాక్టరు 1934లో కనిపెట్టాడు. పాలలో, పప్పులో, గుడ్డులో ఉండే మాంసకృత్తులలో ఫీనైల్‌అలనిన్ అనే పదార్థం ఉంటుంది. దాన్ని మార్చే ఎంజైము లివరులో లోపిస్తే అది రక్తంలో పేరుకుని పసిమెదడును పాడుచేస్తుంది. పుట్టిన కొద్దిరోజుల్లోనే పట్టుకుని ప్రత్యేకమైన ఆహారం మొదలుపెడితే, బుద్ధి మామూలుగానే ఎదుగుతుంది. ఇందులో తల్లి తిన్నదీ లేదు, అన్నదీ లేదు. లోపమున్న జన్యువు తల్లి దగ్గర ఒకటి, తండ్రి దగ్గర ఒకటి ఉండాలి. ఉన్న సంగతి ఇద్దరికీ తెలియదు.

ఈ జబ్బు మన దగ్గర అరుదు. అంతకంటే ఎక్కువగా కనిపించేది పుట్టుకతో వచ్చే థైరాయిడ్ లోపం. దీని గురించి నా తప్పు ఒకటి చెప్పాలి. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒక చిన్న ఊరి ఆస్పత్రికి ఎనిమిది నెలల పాపను తెచ్చారు. మెడ నిలపలేదు, గొంతు బొంగురు, నాలుక లావు, ఎప్పుడూ మలబద్ధకం. “మా పాప బుద్ధిమంతురాలండీ, ఏడవనే ఏడవదు” అని మురిసిపోయింది తల్లి. “కొందరు పిల్లలు ఆలస్యంగా ఎదుగుతారు, సర్దుకుంటుందిలెండి” అని టానిక్కు రాసి పంపాను. రెండేళ్ల తరవాత మరో డాక్టరు రక్తపరీక్ష చేయించి మాత్రలు మొదలుపెట్టాడు. పాప పొడుగు పెరిగింది. పోయిన బుద్ధి మాత్రం రాలేదు. మొదటిరోజే నేను పరీక్ష చేయించి ఉంటే మొత్తం కాకపోయినా కొంతైనా దక్కేది. ఆ తల్లి నన్ను ఒక్కమాట అనలేదు. నెలలు నిండకముందు పుట్టింటికి ప్రయాణం చేశాను, అదే కొంప ముంచింది అని నాతోనే చెప్పుకుంది. తప్పు నాదని ఆమెకు చెప్పడానికి నాకు చాలాకాలం పట్టింది.

కనుక మీ ఇంట బిడ్డ పుడితే, 48 గంటలు దాటాక మడమ దగ్గర ఒక్క రక్తపుచుక్క తీసి చేసే పరీక్ష గురించి మీరే అడగండి. పచ్చకామెర్లు రెండు వారాలు దాటినా తగ్గకపోతే, పాలకు లేపినా బిడ్డ లేవకపోతే ‘బుద్ధిమంతుడు’ అనుకోవద్దు. నాలుగు నెలలకు మెడ నిలవాలి. తొమ్మిది నెలలకు కూర్చోవాలి. ఏడాదిన్నరకు నడవాలి. లేకుంటే జిల్లా ఆస్పత్రిలో సత్వర చికిత్సా కేంద్రం ఉంటుంది, అక్కడికి తీసుకెళ్లండి. 1984లో సికింద్రాబాదులో నెలకొల్పిన జాతీయ సంస్థ కూడా ఉంది. బుద్ధి ఎదగని పిల్లలకు శిక్షణ ఇవ్వడం, తల్లిదండ్రులకు నేర్పడం దాని పనే. థైరాయిడ్ మాత్ర రాసిస్తే నీళ్లలోనో తల్లిపాలలోనో నూరి పట్టండి. ఐరన్, కాల్షియం మందులు అదే వేళకు ఇవ్వకండి. బిడ్డ బాగున్నాడని మీ అంతట మీరు మానకండి.

ఇదంతా విన్నాక గుమ్మం దగ్గరున్న తండ్రి మొదటిసారి నోరు విప్పాడు. “మాది మేనరికమండీ. ఇంకో బిడ్డను కనొచ్చా?”

అసలు అడగవలసిన ప్రశ్న అదే. దగ్గరి రక్తసంబంధంలో ఒకే జన్యులోపం ఇద్దరి దగ్గరా ఉండే అవకాశం ఎక్కువ. ఉంటే ప్రతి కాన్పుకూ బిడ్డకు జబ్బు రావడానికి నాలుగింట ఒక వంతు అవకాశం. మొదటి బిడ్డకు వచ్చింది కదా, ఇక రెండోవాడికి రాదులే అని లెక్క వేసుకోకూడదు. అయితే మీ అబ్బాయిది అటువంటి జబ్బో కాదో ముందు తేలాలి, అంతదాకా ఆగండి అన్నాను. పిల్లవాడికి రక్తపరీక్షలు రాశాను. వచ్చే మంగళవారం ఇద్దర్నీ రమ్మన్నాను, అత్తగారిని కూడా వెంటబెట్టుకుని.