పదుల కట్టలతో కూడిక, తీసివేత

40కి 30 కలపడం 4కి 3 కలిపినంత తేలిక. కానీ ఒకటి, రెండు తరగతుల పిల్లల్లో చాలామందికి అది కొరుకుడుపడదు. వాళ్లకు కూడిక వచ్చు. 40 అంటే నాలుగు పదులన్న సంగతే ఇంకా మనసుకు ఎక్కలేదు. అందుకే నలభై ఒకటి, నలభై రెండు అంటూ ఒక్కొక్కటే లెక్కపెడతారు. మధ్యలో ఒక్కటి జారిపోతే మళ్లీ మొదటికి రావాలి.

దీనికి మంచి సాధనం పుల్లలు. పిల్ల తన చేత్తో పది పుల్లలు లెక్కపెట్టి రబ్బరు బ్యాండు వేసి కట్ట కట్టాలి. నాలుగు కట్టల పక్కన మూడు కట్టలు పెట్టాక రెండు ప్రశ్నలు అడగాలి: ఎన్ని కట్టలు? ఎన్ని పుల్లలు? కొందరు కట్టలు విప్పి మొదటి నుంచి లెక్కపెడతారు. విప్పనివ్వాలి. లోపల ఎప్పుడూ పదే ఉంటాయన్న నమ్మకం కుదిరాక వాళ్లే మానేస్తారు.

70కి 50 కలిపితే పన్నెండు కట్టలు వస్తాయి. అందులో పది కట్టలను కలిపి పెద్ద కట్ట కడితే వంద, విడిగా రెండు కట్టలు, మొత్తం 120. ఇప్పుడు అందులోంచి 50 తీసేయాలంటే రెండు కట్టలు చాలవు, పెద్ద కట్ట విప్పాల్సిందే. పై తరగతుల్లో అప్పు తెచ్చుకోవడం అని చెప్పే పని ఇదే. చేత్తో విప్పి చూసిన పిల్లకు అది కొత్తగా అనిపించదు.

‘నాలుగూ మూడూ ఏడు, పక్కన సున్న పెట్టు’ అని నేర్పడం ప్రమాదకరమైన అడ్డదారి. అలా నేర్చిన పిల్ల 40కి 3 కలిపినా 70 అంటుంది, 300కి 40 కలిపితే 700 అంటుంది. అందుకే 40+3, 40+30, 400+30 లెక్కలను కలగలిపి ఇవ్వాలి. అర్థమైందో లేదో అక్కడే బయటపడుతుంది.

బెంగళూరు దక్షిణ శివారులో హోసూరు రోడ్డు మీదున్న పారిశ్రామిక ప్రాంతం బొమ్మసంద్రలో తెలుగు ఇళ్ల పిల్లలకు ఇంకో చిక్కు ఉంది. ఇంట్లో నలభై, వీధిలో నలవత్తు, బడిలో ఫార్టీ. పైగా ఫార్టీ, ఫోర్టీన్ చెవికి ఒకేలా తగులుతాయి. ఏ భాషలో చెప్పినా ముందు ‘నాలుగు పదులు’ అనిపిస్తే ఈ గందరగోళం చాలావరకు తగ్గుతుంది.

ఆ ఊళ్లోనే మంచి అభ్యాసమూ దొరుకుతుంది. ఆర్‌.వి. రోడ్డు నుంచి బొమ్మసంద్రకు మెట్రో పసుపు మార్గం 2025 ఆగస్టు 10న ప్రారంభమైంది. ఆ ఏడాది ఫిబ్రవరిలో సవరించిన మెట్రో ఛార్జీలు 10 రూపాయల నుంచి 90 దాకా, పదుల్లోనే ఉన్నాయి. 60 రూపాయల టికెట్టుకు 100 నోటు ఇస్తే చిల్లర ఎంత? డెబ్బై, ఎనభై, తొంభై, వంద: నాలుగు పదులు, అంటే 40. తీసివేతను ఇలా పైకి లెక్కపెట్టుకుంటూ చేయడం పిల్లలకు సులువు. అయితే నోటు మీద పది అని రాసి ఉంటుందే గాని లోపల పది ఒకట్లు కనిపించవు. కాబట్టి కట్టల తర్వాతే నోట్లు రావాలి.

హంగేరీలో పుట్టిన గణితవేత్త జోల్టాన్ డీన్స్ ప్రచారంలోకి తెచ్చిన దిమ్మెలదీ ఈ కట్టల సూత్రమే. పది చిన్న ఘనాలు వరసగా పేరిస్తే ఎంత పొడవో, పది కడ్డీ సరిగ్గా అంతే పొడవు. బెంగళూరులోని అక్షర ఫౌండేషన్ ‘గణిత కలికా ఆందోలన’ పేరుతో కర్ణాటక ప్రభుత్వ బడులకు అందించిన కిట్లలోనూ ఇలాంటి దిమ్మెలున్నాయి.

కేంద్రం 2021 జులై 5న మొదలుపెట్టిన నిపుణ్ భారత్ లక్ష్యాల ప్రకారం పిల్లలు ఒకటో తరగతిలో 99 వరకు, రెండో తరగతిలో 999 వరకు, మూడో తరగతిలో 9999 వరకు సంఖ్యలు చదివి రాయగలగాలి. పది కట్ట అర్థం కాకుండా 999 దాకా వల్లె వేయించినా ఆ లక్ష్యం అందినట్టు కాదు. ఇంట్లో చీపురు పుల్లలు, నాలుగు రబ్బరు బ్యాండ్లు ఉంటాయి. నిలువు లెక్కల పుస్తకం తెరిచే ముందు తల్లిదండ్రులు కొన్నాళ్లు వాటితో కూర్చోవాలి.