కూల్చేసిన పబ్బు... ఇటుక ఇటుకా పేర్చుకుని లేచింది!

పబ్బు అనగానే మన కళ్లముందు ఏం కనిపిస్తుంది? చీకట్లో తిరిగే రంగురంగుల దీపాలు, గుండె అదిరేలా సంగీతం, గుమ్మం దగ్గర కండలు తిరిగిన ఇద్దరు కాపలావాళ్లు. జూబ్లీహిల్స్ చూసినవాళ్లకి అంతకుమించి తట్టదు. అందుకే లండన్‌లో ఉంటున్న మా బాబాయి కొడుకు ‘మధ్యాహ్నం భోజనానికి పబ్బుకెళదాం అక్కా’ అంటే నాకన్నా ముందు వాళ్ల అత్తగారు ఉలిక్కిపడ్డారు. తెనాలి నుంచి కూతురి దగ్గరికి వచ్చి రెండు వారాలే అయింది పాపం. ‘పిల్లల్ని తీసుకుని పబ్బుకా!’ అని ఆవిడ సోఫాలోంచి లేవలేదు. ‘మీరొచ్చి చూడండి అత్తయ్యా’ అని బతిమాలి, చీరమీద స్వెటర్ తొడిగించి బయల్దేరదీశాడు.

భూగర్భ రైల్లో కిల్బర్న్ పార్క్ స్టేషన్‌లో దిగి కాస్త నడిస్తే కార్ల్‌టన్ వేల్ అనే వీధి. అక్కడుంది కార్ల్‌టన్ టావెర్న్. ఎర్రిటుక గోడలు, పెంకుల కప్పు, కింది అంతస్తుకి మెరిసే పింగాణీ పలకలు. వెనకాల పిల్లలు ఆడుకునే పెద్ద పార్కు. చుట్టూ ఉన్నవన్నీ ఆ తర్వాతి కాలపు ఫ్లాట్లు. వాటి మధ్య ఇదొక్కటే పాతకాలపు పెద్దమనిషిలా కూర్చుని ఉంటుంది.

పదినిమిషాలు కూర్చున్నా ఎవరూ రాలేదు!

లోపల బల్ల చూసుకుని కూర్చున్నాం. సర్వర్ వస్తాడని ఎదురుచూస్తున్నాను. ఎవరూ రారు. మా తమ్ముడు నవ్వాపుకుంటూ అప్పుడు చెప్పాడు... సంప్రదాయ పబ్బులో మనమే కౌంటర్ దగ్గరికి వెళ్లి, కావలసింది అడిగి, డబ్బు కట్టి తెచ్చుకోవాలి. వరస కనిపించదు గానీ ఎవరు ముందొచ్చారో అందరికీ తెలుసు. ముందుకి దూరితే మర్యాద కాదు. నలుగురు స్నేహితులు కలిస్తే ఎవరి బిల్లు వాళ్లు కట్టరు. ఒకసారి ఒకరు అందరికీ కొంటారు, తర్వాత ఇంకొకరు. తనవంతు రాగానే ఫోన్ మాట్లాడుతూ బయటికి జారుకునేవాడి సంగతి పేటంతా చెప్పుకుంటారు. (ఈ రకం మనుషులు మన టీకొట్ల దగ్గరా ఉంటారనుకోండి!)

బీరు కొలత పైంట్. అంటే 568 మిల్లీలీటర్లు. సంప్రదాయ బీరైతే నేలమాళిగలోని పీపాల్లో పులుస్తూ ఉంటుంది. పైన కౌంటర్ మీద ఉన్న పొడవాటి పిడిని, మనం బోరింగు కొట్టినట్టే, లాగి గ్లాసులోకి ఎక్కిస్తారు. మంచులా చల్లగా ఉండదు. పన్నెండు, పదమూడు డిగ్రీలు. నురగ తీసి పోసే ఈ పాతబీరు కనుమరుగైపోతోందని 1971లో కొందరు ఏకంగా ఉద్యమమే మొదలుపెట్టారు. అది నేటికీ నడుస్తోంది.

అయితే తాగడానికే వస్తారనుకుంటే పొరపాటు. పక్కబల్ల దగ్గర ఒక ముసలాయన పేపరు చదువుకుంటున్నాడు, కాళ్లదగ్గర కుక్క నిద్రపోతోంది. అటుపక్క కుటుంబం ఆదివారం స్పెషల్ తింటోంది. కాల్చిన మాంసం, బంగాళాదుంపలు, పొంగిన గిన్నెలాంటి యార్క్‌షైర్ పుడ్డింగ్. పెద్దలు వెంట ఉంటే పిల్లలూ రావచ్చు, మద్యం కొనాలంటే మాత్రం 18 ఏళ్లు నిండాలి. అత్తగారు వేయించిన దుంపముక్కలు తిని, పాలు పోసిన టీ తాగారు. ‘మన ఇరానీ హోటల్లాగే ఉందే’ అన్నారు. నిజమే... పబ్బు అన్నది ‘పబ్లిక్ హౌస్’కి ముద్దుపేరు, పదిమంది ఇల్లు అని. ఒక్క గ్లాసుతో గంటలు కూర్చున్నా లేవమనేవాళ్లుండరు.

ఆ రోజు ఏం జరిగిందంటే...

ఇక్కడున్న పాత పబ్బు 1918లో జర్మన్ విమానాల బాంబుదాడిలో పోయింది. దాని స్థానంలో 1920-21లో ఛారింగ్‌టన్ అనే బీరు కంపెనీ దీన్ని కట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో చుట్టుపక్కల ఇళ్లన్నీ నేలమట్టమైనా ఇది మాత్రం నిలిచింది. హిట్లర్ కూల్చలేనిదాన్ని కూల్చింది ఓ రియల్ ఎస్టేట్ సంస్థ!

దీన్ని కొన్న ఆ సంస్థ, ఇక్కడ ఫ్లాట్లు కడతామంది. వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఒప్పుకోలేదు. మరోవైపు ప్రభుత్వ వారసత్వ సంస్థ దీన్ని రక్షిత కట్టడాల జాబితాలో చేర్చడానికి సిద్ధమైంది. అది జరగడానికి రెండురోజుల ముందు, 2015 ఏప్రిల్‌లో, ఈస్టర్ సెలవులు అయీ కాకముందే బుల్డోజర్లు వచ్చాయి. సామాన్ల లెక్క చూసుకోవడానికని చెప్పి అంతకుముందే పబ్బు మూయించారు. అందరూ తేరుకునేసరికి మిగిలింది ఇటుకల గుట్ట.

ఇలాంటి విద్యలు మనకి కొత్తకాదు. కోర్టుకి సెలవులు చూసుకుని రాత్రికి రాత్రే పాతభవనాలు పడగొట్టడం మన ఊళ్లలోనూ చూశాం. జరిమానా కట్టేస్తారు, అపార్ట్‌మెంటు లేపేస్తారు, నాలుగేళ్లకి అక్కడేముండేదో ఎవరికీ గుర్తుండదు. ఇక్కడా అలాగే అవుతుందనుకున్నారు చాలామంది. పేటవాళ్లు మాత్రం ఊరుకోలేదు. వేలమంది గొంతు కలిపారు. కౌన్సిల్ ఒకే మాట చెప్పింది: ఇంతకుముందు ఎలా ఉందో అచ్చం అలాగే ఇటుక ఇటుకా పేర్చి కట్టివ్వాలి. కంపెనీ అప్పీలుకెళ్లింది. 2016లో విచారణ జరిగి అక్కడా ఓడిపోయింది.

కానీ అచ్చం అలాగే అంటే ఎలా? అక్కడే ఉంది అసలు కిటుకు. ఏదో కీడు శంకించి పేటవాసులు ముందే వారసత్వ సంస్థవాళ్లని కదిలించారు. వాళ్లు వచ్చి పలకలకి అచ్చులు తీసుకుని, ఫొటోలు, వివరాలు అన్నీ భద్రం చేసుకుని వెళ్లారు. శిథిలాల్లోంచి పనికొచ్చే ఇటుకల్నీ పలకల్నీ ఏరారు. ఆరేళ్ల తర్వాత, 2021 ఏప్రిల్‌లో, కొవిడ్ ఆంక్షలు సడలిన రోజుల్లో పబ్బు మళ్లీ తలుపులు తీసింది.

ఒక్క పబ్బు కోసం ఇంత అవసరమా అనిపించొచ్చు. బ్రిటన్‌లో 2000 సంవత్సరంలో 60 వేలకు పైగా పబ్బులుండేవి; ఇప్పుడవి 45 వేల దగ్గరికి పడిపోయాయి. అద్దెలు, పన్నులు, సూపర్‌మార్కెట్లో దొరికే చవక బీరు... కారణాలెన్నో. దక్షిణ లండన్‌లో ఐవీ హౌస్ అనే పబ్బు పోతుంటే 371 మంది స్థానికులు వాటాలు వేసుకుని 2013లో తామే కొనుక్కున్నారు.

మనల్ని రానిచ్చారా?

ఈ పదిమంది ఇంట్లోకి అందర్నీ ఎప్పుడూ రానిచ్చారనుకోకండి. 1960ల్లో బర్మింగ్‌హామ్ పక్కనున్న స్మెథిక్‌లో కొన్ని పబ్బులు మనవాళ్లని ఒక గదికే పరిమితం చేసేవి. 1965 ఫిబ్రవరిలో అమెరికా నుంచి మాల్కమ్ ఎక్స్ వచ్చి, భారతీయ కార్మిక సంఘం నాయకుడు అవతార్ సింగ్ జోహల్‌తో కలిసి అలాంటి పబ్బుకి వెళితే మంచి గదిలో గ్లాసు ఇవ్వలేదు. ఆ ఏడాదే బహిరంగ స్థలాల్లో జాతి వివక్షని నిషేధిస్తూ చట్టం వచ్చింది. తర్వాత తర్వాత పంజాబీలే పబ్బులు కొని తందూరీ కోళ్లు వడ్డించడం మొదలుపెట్టారు. పశ్చిమ లండన్‌లోని సౌతాల్‌లో గ్లాసీ జంక్షన్ అనే పబ్బయితే మన రూపాయలు కూడా తీసుకునేది. 2012లో మూతపడింది.

బయటికొచ్చేటప్పుడు గోడమీద చెయ్యిపెట్టి చూశాను, పాత ఇటుక ఏదో కొత్తది ఏదో పట్టుకుందామని. నాకైతే తేడా దొరకలేదు. ఇంతలో ఇంటినుంచి అమ్మ ఫోన్. ‘ఎక్కడికెళ్లారే?’ అంది. పబ్బుకన్నాను. అటునుంచి కాసేపు మాటలేదు. ‘తమ్ముడు కూడా ఉన్నాడా?’ అనడిగింది చివరికి. ‘వాళ్ల అత్తగారు కూడా ఉన్నారు, మాట్లాడతావా?’ అని ఫోన్ ఆవిడకిచ్చాను. ‘టీ మాత్రం కాస్త చప్పగా ఉందండీ వదినగారూ...’ అని మొదలుపెట్టారావిడ.