విదేశాల్లోని భారత దౌత్య కార్యాలయాల్లో విద్యార్థి ఇంటర్న్‌షిప్: కోనసీమ నేపథ్యం

దౌత్య కార్యాలయం అనగానే జెండాలు, కరచాలనాలు, ఒప్పందాల మీద సంతకాలు గుర్తుకొస్తాయి. మీరు రాజోలులోనో, కొత్తపేటలోనో కూర్చుని ఈ పాఠం చదువుతుంటే మరో సంగతి కూడా మీకు తెలిసే ఉంటుంది. ఇంటిపని కోసం కువైట్, ఒమన్, ఖతార్ వెళ్లిన ఆడవాళ్లు మీ వీధిలోనే ఉంటారు. వాళ్ల ఫోను పలకనప్పుడు ఇంట్లోవాళ్లు రాసే ఉత్తరం చివరికి చేరేది దౌత్య కార్యాలయానికే. అక్కడ ఇంటర్న్‌గా పనిచేసే విద్యార్థికి ఆ ఉత్తరంతో ఏం పని ఉంటుందో ఈ భాగంలో తెలుసుకుందాం.

1. కార్యాలయం, దాని విధులు

ఒక దేశం మరో దేశ రాజధానిలో నడిపేది రాయబార కార్యాలయం. ఇతర నగరాల్లో ఉండేవి కాన్సులేట్లు. సౌదీ అరేబియాలో మన రాయబార కార్యాలయం రియాద్‌లో, కాన్సులేట్ జెడ్డాలో ఉన్నాయి. ప్రభుత్వాల మధ్య దౌత్య సంబంధాలకు 1961 నాటి వియన్నా ఒప్పందం ఆధారం. కాన్సులర్ సంబంధాలకు 1963 నాటి వియన్నా ఒప్పందం ఆధారం. మనకు ఇక్కడ రెండోదే ముఖ్యం. తమ పౌరులకు పాస్‌పోర్టులు ఇవ్వడం, వారికి సాయపడడం, వారి ప్రయోజనాలు కాపాడడం కాన్సులర్ విధులని దాని 5వ అధికరణం చెబుతుంది. కష్టంలో ఉన్నవారికి వసతి, న్యాయ సహాయం, తిరుగు టికెట్టు వంటి వాటి కోసం 2009లో భారత ప్రభుత్వం భారతీయ సమాజ సంక్షేమ నిధిని ఏర్పాటు చేసింది. ఫిర్యాదులు నమోదు చేయడానికి 2015 నుంచి ‘మదద్’ పోర్టల్ పనిచేస్తోంది.

2. ఎవరు వెళ్లవచ్చు?

రెండు దారులున్నాయి. విదేశాంగ మంత్రిత్వశాఖ నడిపే ఇంటర్న్‌షిప్ ఢిల్లీలో ఉంటుంది. ఇటీవలి నోటిఫికేషన్లలో దీనికి 25 ఏళ్ల వయోపరిమితి, నెలకు 10,000 రూపాయల గౌరవ వేతనం ఉన్నాయి. విదేశాల్లోని కార్యాలయాలు కొన్ని తమంత తాముగా ఇంటర్న్‌లను తీసుకుంటాయి. అక్కడ ఖర్చులు సాధారణంగా మీవే. దూరవిద్యలో చదివేవారిలో చాలామంది 25 దాటినవారే కాబట్టి మొదటి దారి వారికి మూసుకుపోతుంది. ఈ నియమం మన విద్యార్థుల విషయంలో న్యాయంగా లేదనే చెప్పాలి. దరఖాస్తుకు ముందు ఆ ఏటి నోటిఫికేషన్ తప్పక చూడండి.

3. ఒక ఉత్తరం, దాని అనువాదం

ఇంటర్న్‌కు పత్రికల సారాంశాలు, సాంస్కృతిక కార్యక్రమాల పనులు, వాణిజ్య సమాచార సేకరణ అప్పగించవచ్చు. వీటిని ఎవరైనా నేర్చుకోగలరు. కాన్సులర్ విభాగంలో మాత్రం కోనసీమ విద్యార్థికి ఉన్న భాష వేరొకరికి ఉండదు. అభ్యాసం కోసం రాసిన ఈ నమూనా చూడండి:

“అయ్యా, మా అమ్మి కువైట్ ఎల్లి పద్నాలుగు నెలలయ్యింది. ఐదు నెలల నుంచీ జీతం ఇవ్వట్లేదంట. మామా ఫోను లాగేసుకుంది. అకామా అయిపోవచ్చిందంట. ఏజెంటు ఫోను ఎత్తట్లేదు. ఎలాగైనా ఇంటికి పంపించండి.”

తెలుగు రాని అధికారికి దీన్ని ఒక పేజీ ఇంగ్లిష్ నోట్‌గా ఇవ్వాలి. ‘మామా’ను మేనమామ అని రాస్తే కేసు మొత్తం దారి తప్పుతుంది. గల్ఫ్ ఇళ్లలో పనివాళ్లు యజమానురాలిని ‘మామా’ అని, యజమానిని ‘బాబా’ అని పిలుస్తారు. ‘అకామా’ అంటే నివాస అనుమతి.

ఇక ‘అంట’ సంగతి. మన భాషలో ఈ చిన్న ముక్క విన్న మాటకూ కన్న మాటకూ తేడా చెబుతుంది. ఇంగ్లిష్‌లోకి వెళ్లేటప్పుడు ఇదే ముందు జారిపోతుంది. జీతం రాలేదని కుటుంబానికి ఎవరు చెప్పారు? ఆమే చెప్పిందా, పక్క ఇంట్లో పనిచేసే మరో ఊరి మనిషి చెప్పిందా? అధికారి యజమానితో మాట్లాడేది ఈ నోట్ ఆధారంగానే. విన్నదాన్ని రుజువైనట్లు రాస్తే, యజమాని దాన్ని ఒక్క మాటతో కొట్టేయగలడు. చివరి వాక్యం ఇంకా చిక్కయినది. ఇంటికి రావాలనేది ఆమె కోరికా, ఇంట్లోవాళ్ల కోరికా? కొందరికి కావలసింది టికెట్టు కాదు, ఆగిపోయిన జీతం. ఊళ్లో అప్పు అలాగే ఉండగా ఖాళీ చేతులతో రావడం ఆమెకు సమ్మతం కాకపోవచ్చు.

చిరునామా దగ్గరా జాగ్రత్త అవసరం. కోనసీమ జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. అంతకుముందు తీసుకున్న పాస్‌పోర్టులో తూర్పు గోదావరి అని ఉంటుంది, ఉత్తరంలో కోనసీమ అని ఉంటుంది. ఊరి పేరు చివర ‘లంక’ ఉంటే, గోదావరి లంక గురించి తెలియని గుమాస్తా శ్రీలంక అనుకున్నా ఆశ్చర్యం లేదు. పెళ్లితో మారిన ఇంటిపేరు మరో తేడా. ఇవన్నీ ఒక్కరి వివరాలేనని నోట్‌లో స్పష్టంగా రాయాలి.

4. ఇంటర్న్ చేయకూడనివి

ఇంటర్న్ దౌత్యవేత్త కాదు. కార్యాలయం తరఫున సంతకం చేయకూడదు, ఎవరికీ హామీ ఇవ్వకూడదు. గోప్యత నియమాన్ని పాటించడం వినడానికి సులువే. కానీ అమలాపురం నుంచి మీ బంధువు ఫోన్ చేసి, “మనవాళ్ల అమ్మాయి ఫైలు ఎంతవరకొచ్చింది?” అని అడిగితే కాదనడం కష్టం. ఆమె ఏ ఇంట్లో ఉందో, ఎప్పుడు బయటికి తీసుకురావాలనుకుంటున్నారో ఒక్కసారి బయటపడితే, ఆ మాట ఊళ్లో తిరిగి ఏజెంటుకు చేరుతుంది. ఏజెంటు నుంచి యజమానికి చేరడానికి పూట చాలు. అందుకే బంధువుకు మదద్‌లో ఫిర్యాదు స్థితి చూసుకోవడం చెప్పండి, అంతకుమించి ఏమీ చెప్పకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. పై ఉత్తరాన్ని ఎనిమిది వాక్యాలకు మించకుండా ఇంగ్లిష్ నోట్‌గా రాయండి. విన్న విషయాలను విడిగా గుర్తించండి.

2. ఉత్తరంలో లేని వివరాలు ఏవి? పాస్‌పోర్టు నంబరు, యజమాని పేరు, పనిచేసే ప్రాంతం, వీసా రకం, ఏజెంటుకు ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉందా అన్నవి దృష్టిలో పెట్టుకుని, కుటుంబాన్ని అడగవలసిన ప్రశ్నలను మీ ఊరి తెలుగులో రాయండి.