స్వీడన్‌లోనూ అమ్మమ్మ అమ్మమ్మే

నెల్లూరు బండి ఎక్కి చెన్నపట్నం నుంచి ఉత్తరంగా బయలుదేరితే, తిరువొత్తియూరు దాటగానే విమ్కో నగర్ అనే స్టేషను వస్తుంది. 2021 నుంచి మెట్రో రైలు కూడా అక్కడిదాకా వెళుతున్నది. ఆ పేరు ఏ దేవుడిదీ కాదు, ఏ నాయకుడిదీ కాదు. వెస్టర్న్ ఇండియా మ్యాచ్ కంపెనీ అనే ఇంగ్లీషు పేరులోని తొలి అక్షరాలను కూర్చి చేసిన మాట. స్వీడన్ దేశపు అగ్గిపెట్టెల వ్యాపారులు 1923లో మన దేశంలో నెలకొల్పిన కంపెనీ అది. తిరువొత్తియూరులో వారి ఫ్యాక్టరీ ఉండటంవల్ల ఆ పేటకు ఆ పేరు స్థిరపడింది. మన అవ్వలు పొయ్యి రాజేసిన అగ్గిపుల్లల్లో ఎన్నో ఆ కంపెనీవే. కనుక స్వీడన్ మనకు బొత్తిగా ముక్కూ మొహం తెలియని దేశమేమీ కాదు.

ఆ దేశపు మాటలు రెండు కూడా చాలాకాలంగా మన మధ్య తిరుగుతున్నాయి. పాత విద్యుద్దీపాలలో వెలిగే తీగ టంగ్‌స్టన్ అనే లోహంతో చేసినది. ఆ పేరు స్వీడిష్ మాట. 'తుంగ్' అంటే బరువు, 'స్తేన్' అంటే రాయి. రెండవది ఆంబుడ్స్‌మన్. బ్యాంకులమీద ఖాతాదారుల ఫిర్యాదులు వినటానికి రిజర్వు బ్యాంకు 1995లో ఏర్పాటుచేసిన అధికారికి ఆ పేరే పెట్టారు. ప్రభుత్వోద్యోగులమీద ప్రజల మొర వినటానికి ఇటువంటి అధికారి ఉండాలని స్వీడన్ వారు 1809 నాటి తమ రాజ్యాంగంలోనే రాసుకున్నారు. నావంటి ఆఫీసు గుమాస్తాలు ఆ మాటను వందసార్లు టైపు చేసి ఉంటారు. అది ఏ భాషదో ఆలోచించే తీరిక ఎవరికి ఉంటుంది?

ఇప్పుడు ఆలోచించవలసిన అవసరం వచ్చింది. తరతరాలుగా ఈ ఊళ్ళో ఉంటున్న మన తెలుగు కుటుంబాల పిల్లలు ఉద్యోగాల మీద స్టాక్‌హోం, గోథెన్‌బర్గ్ పట్టణాలకు వెళుతున్నారు. వాళ్ళ వెనుక పురిళ్ళకూ పసిపిల్లల పెంపకానికీ తల్లులు వెళుతున్నారు. "అక్కడ అందరికీ ఇంగ్లీషు వచ్చునట కదా, ఇంక ఆ భాషతో మనకేమి పని?" అని చాలామంది అడుగుతారు. మాట నిజమే. ఆఫీసులో, అంగడిలో, రైల్లో ఇంగ్లీషుతో గడిచిపోతుంది. కాని బడికి పోయే మనుమడు ఇంటికి తెచ్చే భాష స్వీడిష్. వాడు తోటి పిల్లలతో తగవుపడేదీ, నిద్రలో పలవరించేదీ కూడా ఆ భాషలోనే. మనుమడి మాట అమ్మమ్మకు అర్థం కాకపోతే, అమ్మమ్మ అక్కడ ఆరునెలలు ఉండీ ఏమి లాభం?

మా అక్కగారికి ఈ చిక్కే వచ్చింది. ఆవిడ చదువు ఎనిమిదవ తరగతితో ఆగింది. ఇంట్లో తెలుగు, వీధిలో అరవం, ఇంగ్లీషు అంతంతమాత్రం. కూతురి రెండవ పురిటికి గోథెన్‌బర్గ్ వెళ్ళవలసి వచ్చింది. నాలుగేళ్ళ పెద్ద మనుమడు అప్పటికే అక్కడి శిశువిహారానికి పోతున్నాడు. ప్రయాణానికి ముందు నెలరోజులు, సాయంత్రాలు నేను ఆఫీసునుంచి వచ్చాక, ఇద్దరమూ కూర్చుని పాత క్యాలెండరు కాగితాల వెనుక ఆ భాష మాటలు తెలుగు లిపిలో రాసుకునేవాళ్ళం. మొదట ఇంగ్లీషు అర్థాలతో మొదలుపెడితే ఒక్కటీ ఆవిడ మనసున పట్టలేదు. పక్కన తెలుగు మాట పెట్టగానే తలుపు తీసినట్లయింది.

బంధువుల పేర్లే చూడండి. ఇంగ్లీషువాడికి అమ్మ తల్లీ, నాన్న తల్లీ ఒక్కటే పేరు. స్వీడిష్‌లో 'మూర్' అంటే అమ్మ, 'ఫార్' అంటే నాన్న. అమ్మ తల్లి 'ముర్‌ముర్', నాన్న తల్లి 'ఫర్‌ముర్'. అమ్మ అమ్మ అమ్మమ్మ, నాన్న అమ్మ నాన్నమ్మ అని మనం కట్టుకున్న మాటలను వాళ్ళూ అచ్చంగా అదే పద్ధతిలో కట్టుకున్నారు. 'ముర్‌ముర్' అని నేను చెప్పగానే మా అక్కగారు "మరమరాలు నములుతున్నట్లున్నదే!" అని నవ్వారు. ఆ నవ్వుతో ఆ మాట మరి మరపునకు రాలేదు.

ఇంగ్లీషులో అంకుల్ అనే ఒక్క గోనెసంచిలో వేసి కట్టేసిన బంధువులందరూ స్వీడిష్‌లో విడివిడిగానే ఉన్నారు. మేనమామ 'ముర్‌బ్రుర్', అంటే అమ్మ సోదరుడు. నాన్న సోదరుడు 'ఫర్‌బ్రుర్'. మేనత్త 'ఫస్తెర్', అమ్మ తోబుట్టువు 'ముస్తెర్'. అయితే పిన్నికీ పెద్దమ్మకూ, బాబాయికీ పెదనాన్నకూ మనం పాటించే పెద్దాచిన్నా తేడా వారికి లేదు. తాతల విషయంలో మాత్రం వారే మనకన్న ఒక మెట్టు పైన ఉన్నారు. మనం ఇద్దరినీ తాతయ్యా అనే పిలుస్తాం. వాళ్ళు అమ్మ తండ్రిని 'ముర్‌ఫర్' అనీ, నాన్న తండ్రిని 'ఫర్‌ఫర్' అనీ వేరుచేస్తారు. మాతామహుడు, పితామహుడు అని మనం తద్దినాల నాడు మాత్రం తలచుకునే తేడాను వాళ్ళు పసిపిల్లల నోట రోజూ పలికిస్తున్నారు.

ఉచ్చారణ సంగతి కూడా మనవాళ్ళు బెదరవలసినంత కష్టం కాదు. వాళ్ళ త, ద లు మన త, ద ల లాగే పళ్ళకు నాలుక తగిలించి పలికేవి. ర పక్కన న వస్తే చాలామంది నోట ఆ రెండూ కలిసి మన ణ అవుతుంది. బిడ్డ అనే మాటను 'బాణ్' అంటారు. ఇంకొక చిత్రం ఉన్నది. మన చకారం చిలుక, చెట్టు అన్నప్పుడు ఒక విధంగానూ, చాప, చుక్క అన్నప్పుడు మరొక విధంగానూ పలుకుతుంది. ఈ ఊరి ప్రెసిడెన్సీ కాలేజీలో తెలుగు పండితుడుగా ఉన్న పరవస్తు చిన్నయసూరి దీనిని బాలవ్యాకరణంలో నియమంగా చెప్పాడు. పక్కనున్న అచ్చును బట్టి హల్లు తీరు మారుతుందన్నమాట. స్వీడిష్‌లో క, గ లకు ఇదే గతి. కాఫీని 'కఫ్ఫె' అన్నప్పుడు క క లాగే ఉంటుంది. వంటగది పేరులోనూ అదే అక్షరం రాసినా, పక్కన ఓకారం వంటి వేరొక అచ్చు రావటంచేత అది శ కు దగ్గరగా పలుకుతుంది. గ అయితే య అవుతుంది. గోథెన్‌బర్గ్ అని మనం అనే ఊరిని ఆ ఊరివాళ్ళు 'యోతెబొరి' అన్నట్లు పలకటం ఇందుకే.

సమాసాలు మనకు కొత్తవి కావు, వాళ్ళకూ అంతే. ఆసుపత్రి వాళ్ళకు 'రోగుల ఇల్లు'. ఫ్రిజ్ 'చల్లబీరువా'. కూరగాయలు 'పచ్చవస్తువులు'. తాబేలు 'డాలుకప్ప'. మనుమడైనా మనుమరాలైనా 'బిడ్డబిడ్డ'. ఇంగ్లీషులో 'ది' అని ముందు పెట్టే చిన్నమాటను వాళ్ళు పేరు చివర తగిలిస్తారు. మన విభక్తులు తోకన చేరినట్లే అదీ చేరుతుంది. క్రియాపదమైతే మనకన్న సుళువు. నేను వస్తాను, నువ్వు వస్తావు, వాడు వస్తాడు అని మనిషినిబట్టి మార్చే శ్రమ లేదు. అందరికీ ఒక్కటే రూపం.

ఇంతవరకు పోలికలు. తేడాలు వచ్చిన చోటనే భాష వెనుక ఉన్న మనుషులు కనిపిస్తారు.

మా అక్కగారు అక్కడ మొదటిరోజు పప్పూ, చారూ చేసి మనుమడికి పెట్టారు. వాడు తిని లేచి 'తక్ ఫొర్ మాతెన్' అన్నాడు. భోజనానికి కృతజ్ఞతలు అని అర్థం. ఆవిడ మనసు చివుక్కుమన్నది. "నేను పరాయిదాన్నా, నాకు థాంక్సు చెప్పటానికి?" అని కూతురితో అన్నారట. నిజమే, మన ఇళ్ళలో తల్లికి ఎవరూ కృతజ్ఞతలు చెప్పరు. చెబితే దూరం పెట్టినట్లుంటుంది. స్వీడన్‌లో మాత్రం వండిన మనిషికి ఆ మాట చెప్పకుండా బల్లదగ్గరనుంచి లేవటం అమర్యాద. కన్నతల్లికైనా చెప్పవలసిందే. మన పెద్దలు విస్తరి ముందునుంచి లేస్తూ "అన్నదాతా సుఖీభవ" అనేవారు గదా, దానిని గుర్తుచేసుకుంటే ఈ ఆచారం అంత కొత్తగా ఉండదు. ఆ మాటను మనం పెళ్ళిపందిళ్ళకు వదిలేశాం. వాళ్ళు పూటపూటా వాడుతున్నారు. ఇంకొకటి: ఒకరింట విందు తిని వచ్చాక మళ్ళీ ఎప్పుడు ఆ గృహస్థు ఎదురుపడినా 'తక్ ఫొర్ సేనస్త్' అంటారు. మొన్నటి దానికి కృతజ్ఞతలు అని. తిన్న ఇంటిని మరచిపోలేదని చెప్పటం అన్నమాట.

గౌరవవాచకాల సంగతి ఇంకా విచిత్రం. స్వీడిష్‌లో 'దూ' అంటే నువ్వు. 'నీ' అంటే మీరు! వారి 'నీ' మన మీరు కావటం మనవాళ్ళకు నవ్వు తెప్పిస్తుంది. వెనుకటి రోజుల్లో అక్కడ పెద్దవారిని 'దూ' అనరాదు. 'నీ' అన్నా చాలామందికి చిన్నతనంగా తోచేది. హోదా పేరు చెప్పి, "డైరెక్టరుగారు కాఫీ పుచ్చుకుంటారా?" అని ఎదుటి మనిషినే మూడోమనిషిలా అడగవలసివచ్చేది. మన "అయ్యగారు పుచ్చుకుంటారా?" వంటిదే. 1967లో ఆ దేశపు వైద్యశాఖ అధిపతిగా వచ్చిన బ్రూర్ రెక్సెద్ అనే ఆయన తన ఆఫీసులో అందరినీ 'దూ' అనే పిలుస్తాననీ, తననూ అలాగే పిలవమనీ చెప్పాడు. అప్పటికే వీస్తున్న గాలి దానితో బలపడింది. కొద్దికాలంలోనే దేశమంతటా 'దూ' స్థిరపడింది. నేడు బడిపిల్లవాడు పంతులుగారినీ, గుమాస్తా పై అధికారినీ పేరుపెట్టి పిలుస్తారు. రాజకుటుంబానికి మాత్రం పాత మర్యాద మిగిలింది. మన పిల్లవాడు పగలంతా పంతులమ్మను పేరుపెట్టి పిలిచి, సాయంత్రం ఫోనులో తాతగారిని "మీరు ఎలా ఉన్నారు?" అనగలిగితే వాడికి రెండు భాషలూ వచ్చినట్లే. తాతగారిని పొరపాటున "నువ్వు" అంటే కోపగించుకోనక్కరలేదు. అది పొగరు కాదు, పగటిపూట భాష.

కాఫీ లేనిదే తెల్లవారని మన ఊరివారికి నచ్చే మాట 'ఫీకా'. కాఫీకి వాళ్ళ పాత వాడుకమాట 'కఫ్ఫి'. దాని అక్షరాలను తిరగేసి చేసిన మాట ఇది. పని ఆపి, కాఫీతో ఏదైనా తీపి రొట్టె తింటూ నలుగురూ కబుర్లు చెప్పుకోవటమే ఫీకా. కాఫీ కన్న కూర్చోవటం ముఖ్యం. 'లాగొమ్' అని ఇంకొకటి ఉన్నది. ఎక్కువా కాదు, తక్కువా కాదు, సరిగ్గా సరిపడా అని. కూరలో ఉప్పు నుంచి ఇంటి సైజు వరకు అన్నిటికీ వాడతారు. సామెతలలోనూ మనం చేయి కలపవచ్చు. కష్టం తెలియకుండా పైకి వచ్చినవాడిని వాళ్ళు 'రొయ్యల రొట్టెమీద జారుకుంటూ వచ్చాడు' అంటారు. మనం వాడి బతుకు వడ్డించిన విస్తరి అంటాం. తొందరేమీ లేదనటానికి 'మంచుమీద ఆవేమీ లేదు' అంటారు. చెరువులు గడ్డకట్టే దేశంలో ఆవు మంచుమీదికి పోతే పరుగెత్తవలసిందే మరి! ఇటువంటి మాటలు ఏ నిఘంటువులో వెదికినా అర్థం దొరకవచ్చు. రుచి మాత్రం ఆ చలిని తలచుకుంటేనే తెలుస్తుంది.

మా అక్కగారికి ఆ నెలరోజుల చదువు వృథా పోలేదు. ఆసుపత్రిలో మంత్రసాని గదిలోకి వచ్చి, పొత్తిళ్ళలోని బిడ్డనూ ఈవిడనూ చూసి "ముర్‌ముర్?" అని అడిగింది. ఎవరూ తర్జుమా చేయకుండానే ఈవిడ తల ఊపి చేతులు చాచారు.

అక్కడ కాపురం పెట్టేవారు తెలుసుకోవలసినవి రెండు. వలసవచ్చిన పెద్దవారికి స్వీడిష్ నేర్పటానికి అక్కడి పురపాలక సంఘాలు ఉచితంగా తరగతులు నడుపుతాయి. రెండవది ఇంకా గొప్పది. 1977నుంచి ఆ దేశంలో పరభాషల పిల్లలకు బడిలో వారి మాతృభాష నేర్పే ఏర్పాటు ఉన్నది. తెలుగుకూ ఆ అవకాశం ఉన్నది. కాని షరతులున్నాయి. సాధారణంగా కనీసం అయిదుగురు పిల్లలు అడగాలి, చెప్పగల ఉపాధ్యాయుడు దొరకాలి. అన్నిటికన్న ముందు, ఆ భాష ఇంట్లో రోజూ మాట్లాడేదై ఉండాలి. ఇంట్లో లేని భాషను బడి ఇవ్వలేదని వారి లెక్క.

ఈ చివరి షరతు స్వీడన్‌కు వెళ్ళేవారికే కాదు, చెన్నపట్నంలోనే ఉండే మనకూ వర్తిస్తుంది. మన పిల్లలు ఎదురింటి ఆయననూ, మేనమామనూ, బాబాయినీ ఒకే ఊపున అంకుల్ అంటున్నారు. ఆ నోటికి 'ముర్‌బ్రుర్' వేరు, 'ఫర్‌బ్రుర్' వేరు అని చెబితే ఎందుకో అర్థం కాదు. మేనమామ అంటే ఎవరో తెలిసిన పిల్లవాడికి ఒక్కసారి చెబితే చాలు. పిల్లలను పైదేశాలకు పంపే తల్లిదండ్రులు పెట్టెలో ఊరగాయ జాడీలు సర్దేముందు ఈ నాలుగు వరసలూ వాళ్ళ నోట పలికించి పంపితే, అక్కడి భాషకూ అవే తాళంచెవులవుతాయి.